ఒక్క అతిథి, మూడు పెళ్ళిళ్ళలో వంట

పెళ్ళి భోజనాల్లో పారబోసే తిండి గురించి ఎత్తితే చాలు, ఎవరో ఒకరు వెంటనే అందుకుంటారు: "మా అమ్మాయి పెళ్ళిలో అలా జరగలేదండీ. మిగిలిందంతా ఆశ్రమానికి పంపించేశాం." ఆ మాట అనేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంటుంది. తప్పేం లేదు, డ్రమ్ముల్లో పడేకంటే నలుగురు తినడం నయమే. అయినా ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మిగిలింది ఎవరికి పంపాలన్నది రెండో ప్రశ్న. అసలు అంత ఎందుకు వండించామన్నది మొదటిది. మొదటిది ఎవరూ అడక్కుండా ఉండటానికే రెండోదానికి అంత గట్టిగా జవాబు చెప్పేస్తున్నామని నా అనుమానం.

మన శుభలేఖ ఒకటి తీసి చూడండి. "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అని ఉంటుంది. కార్డు అందుకున్న ఇంటి నుంచి ఒకరు వస్తారో, అయిదుగురు వస్తారో, అసలు రారో, పిలిచినవాళ్ళకి తెలియదు. అడగకూడదు కూడా. "ఎంతమంది వస్తున్నారు?" అని అడిగితే అవతలివాళ్ళు నొచ్చుకుంటారు. "మనం తినే ముద్దకి కూడా లెక్క చూసుకుంటున్నార్రా" అని ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. అందుకని కార్డుల సంఖ్యని రెండున్నరతోనో మూడుతోనో హెచ్చవేసి, దాని మీద పరువు కోసం ఓ వంద కలిపి క్యాటరింగ్ వాళ్ళకి చెబుతారు. వెయ్యి ప్లేట్లు. క్యాటరింగ్ వాళ్ళు ఆ వెయ్యికి గ్యారంటీ రాయించుకుంటారు. ఏడొందల మందే తిన్నా వెయ్యికీ డబ్బు కట్టాల్సిందే. డబ్బు కట్టాక వండకపోతే మనం ఊరుకుంటామా? "వెయ్యికీ వండారా లేదా" అని పెళ్ళికూతురి మేనమామ వంటశాలలోకి వెళ్ళి డేగిసాల మూతలు తీసి చూసి మరీ వస్తాడు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. దీనికంటే పెద్ద తప్పు ముహూర్తాల దగ్గర జరుగుతోంది. దాని గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

మనకి ఏడాది పొడవునా పెళ్ళిళ్ళు ఉండవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పనికిరావు. గురు మూఢం వస్తే ఆపుతాం, శుక్ర మూఢం వస్తే ఆపుతాం. 2024 వేసవి గుర్తుందా? రెండు మూఢాలూ కలిసి మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేకుండా పోయాయి. వెంటనే ఆషాఢం. ఆగస్టులో శ్రావణం వచ్చేసరికి మూడు నెలలకి పైగా ఆగిన పెళ్ళిళ్ళన్నీ కొద్ది తేదీల మీద పడ్డాయి. ఆ వారాల్లో ఫంక్షన్ హాలు దొరకడం ఒక టెన్షన్, పురోహితుడు దొరకడం ఇంకో టెన్షన్. ఇక పిలుపులు అందుకున్నవాళ్ళ సంగతి. ఒకే రాత్రికి ఒక ఇంటికి మూడు కార్డులు వస్తాయి. ఎల్బీనగర్లో ఆఫీసు కొలీగ్ కొడుకుది, నాగోల్లో దూరపు చుట్టాలది, కొంపల్లిలో పాత ఇంటి ఓనర్ గారి అమ్మాయిది. ఏదీ మానడానికి వీల్లేదు. మూడింటికీ వెళతారు. రెండు చోట్ల అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, ఫొటో దిగి, "భోంచేసి వెళ్ళండి" అంటే "ఇంకో పెళ్ళుందండీ" అని చెప్పి బయటపడతారు. ఒక్క చోట తింటారు. తినేది ఒక్క చోటే గానీ ఆ మనిషి పేరున మూడు చోట్లా ముప్ఫై రకాలు ఉడికే ఉంటాయి.

మూఢం వెళ్ళాక వచ్చే మొదటి మంచి రోజున ఊళ్ళో ఉన్న పెళ్ళిళ్ళలో ఈ మూడింతల లెక్క ఎంతమందికి వర్తిస్తుందో ఊహించుకోండి. మన దగ్గర తిండి వృథాకి కారణం జనం ఒళ్ళు తెలియకుండా వడ్డించుకోవడం అనుకుంటాం. అది ఉంది. కానీ ప్లేటు దాకా రాకుండానే, మూత కూడా తీయకుండానే మిగిలిపోయేదంతా ఈ పంచాంగపు రద్దీ పుణ్యమే.

వంట మేస్త్రులకి ఇది బాగా తెలుసు. మా బంధువుల పెళ్ళిలో ఒక పెద్దాయనతో మాట కలిపితే చెప్పాడు: "కార్డు చూసి వండితే సగం పారబోసుకోవాలమ్మా. మేం ముహూర్తం చూసి వండుతాం." ఆయన ముందు అడిగేది ఎన్ని ప్లేట్లని కాదట. ముహూర్తం ఎన్ని గంటలకి, ఆ రోజు ఊళ్ళో ఇంకెన్ని పెళ్ళిళ్ళున్నాయి, ఆదివారమా కాదా, మర్నాడు పిల్లలకి బడి ఉందా. రాత్రి రెండింటికి ముహూర్తమైతే తినేవాళ్ళు ఎనిమిదికే వచ్చి పదింటికల్లా వెళ్ళిపోతారు. పగలు పదకొండింటి ముహూర్తమైతే నిజంగా అందరూ తింటారు. ఇంత తెలిసినాయన కదా, మరి తగ్గించి వండొచ్చుగా అంటే నవ్వాడు. "పప్పు, సాంబారు తగ్గిస్తాం. బిర్యానీ, స్వీటు తగ్గించం. అవి అయిపోయాయంటే మళ్ళీ ఆ వీధిలో మమ్మల్ని ఎవరూ పిలవరు."

రకాల సంగతి చూద్దాం. ఇప్పుడు మధ్యస్తంగా ఉన్న ఇంటి పెళ్ళిలోనే ముప్ఫై రకాలు మామూలైపోయాయి. ఒక్కోటి నలభై గ్రాములు, అంటే ఒక చిన్న గరిటెడు వేసుకున్నా కిలో రెండొందల గ్రాములు. మామూలు మనిషికి పండగ పూట కూడా అంత తినడం కష్టం. అంటే మెనూ రాసుకున్న రోజే, ఒక్క అతిథి కూడా గుమ్మం ఎక్కకముందే, వృథా ఖాయమైపోయింది. ఆ తర్వాత "కావలసినంతే వడ్డించుకోండి" అని హాల్లో బోర్డు పెట్టడం ఎందుకు? చదివే ఓపిక ఎవరికుంటుంది? ముప్ఫై రకాలు వరసగా పేర్చి, చేతిలో పెద్ద ప్లేటు పెట్టి, అన్నీ రుచి చూడమని మనమే పిలిచాం కదా.

భోజనాల హాలు వెనక ప్లేట్లు దించే చోట ఓ పావుగంట నిలబడి చూడండి. ఎవరూ వద్దనరు, కొంచెం వింతగా చూస్తారంతే. నీలం రంగు డ్రమ్ములు మూడో నాలుగో ఉంటాయి. నైటీ మీద ప్లాస్టిక్ కవరు చుట్టుకున్న ఒకావిడ ప్లేటు అందుకుని, చేత్తో ఒక్క తుడుపు తుడిచి, స్పూను ఓ పక్కకి, టిష్యూ ఇంకో పక్కకి విసిరి, ప్లేటు తొట్టిలో వేస్తుంది. చెయ్యి ఆగదు. డ్రమ్ములోకి ఏం వెళుతోందో గమనిస్తే తమాషాగా ఉంటుంది. సగం నాన్. ఎర్రటి పనీర్ గ్రేవీ. ఫ్రైడ్ రైస్, దాని పక్కనే మంచూరియా, రెండూ చల్లారి అట్టకట్టినవి. ఒక మూల కొరికిన డబుల్ కా మీఠా. పాస్తా అయితే దాదాపు వేసింది వేసినట్టే. మామిడికాయ పప్పు మాత్రం కనపడదు. గుత్తి వంకాయ కనపడదు. గోంగూర, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు, ఇవి ప్లేట్లో వేసుకున్నవాళ్ళు ఊడ్చిపెట్టి తింటారు. రుచి కోసం పెట్టినవి కడుపులోకి, గొప్ప కోసం పెట్టినవి డ్రమ్ములోకి. నీళ్ళ సీసాలు ఇంకో కథ. పావు లీటరు సీసా, రెండు గుక్కలు తాగి బల్ల మీద పెట్టేస్తారు. ఎవరిది ఎవరిదో తెలియదు కాబట్టి కాసేపాగి ఇంకోటి తీసుకుంటారు.

2012లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు నగరంలోని 75 కళ్యాణ మండపాలు పరిశీలించి, అక్కడి పెళ్ళిళ్ళలో ఏడాదికి 943 టన్నుల మంచి తిండి పోతోందని తేల్చారు. అప్పటికి ఇంకా లైవ్ కౌంటర్ల మోజు ఇంతలా ముదరలేదు.

ఇలా రాస్తుంటే "పూర్వం బంతి భోజనాలే నయం, విస్తట్లో మెతుకు మిగిల్చేవాళ్ళు కాదు" అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. నాకు ఆ పాట నచ్చదు. బంతిలోనూ కొసరి కొసరి వడ్డించేవాళ్ళు. వద్దంటున్నా చెయ్యి అడ్డం పెట్టేలోపు ఇంకో బూరె పడేది. మిగిలేది. కాకపోతే ఆ మిగిలింది కనపడేది కాదు. పశువుల కుడితిలోకి కొంత పోయేది. మిగతాది పందిరి వెనక గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి పోయేది. వాళ్ళెవరో, వాళ్ళని ముందు వైపు నుంచి ఎందుకు రానివ్వలేదో మనందరికీ తెలుసు. ఊళ్ళల్లో రాత్రి పూట ఇంటింటికీ తిరిగి మిగిలిన అన్నం, కూర పట్టుకెళ్ళడమే కొన్ని కులాలవాళ్ళకి చాకిరీకి ముట్టే కూలి. "మా తాతల కాలంలో మెతుకు వృథా అయ్యేది కాదు" అనే ఇళ్ళల్లో చాలావాటికి చివర అడుగూ బొడుగూ తినాల్సినవాళ్ళు కొందరుండేవాళ్ళు. అందుకే వృథా కాలేదు. ఆ కాలం తిరిగి రావాలని నేనైతే కోరుకోను.

ఆశ్రమం మాట వింటే చిరాకు రావడానికి సగం కారణం ఇదే. రాత్రి పదకొండున్నరకి ఆటోలో డేగిసా వేసి పంపిస్తాం. అక్కడి పిల్లలు ఏడింటికే అన్నం తిని పడుకుని ఉంటారు. వాళ్ళని లేపుతారు, లేదా పొద్దున పెడతారు. ఎప్పుడు వండిన బిర్యానీ అది? సాయంత్రం అయిదింటికి. వండిన బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే పెరుగుతాయి, అవి వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వేడిది 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లది 5 డిగ్రీల కింద ఉండాలి, మధ్యలో ఉన్న ప్రతి గంటా ప్రమాదమే. మిగులు తిండి సేకరించి పంచడానికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో నిబంధనలు తెచ్చింది. రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి వాలంటీర్లు ఫోన్ చేస్తే వచ్చి జాగ్రత్తగా తీసుకెళతారు. వాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ వాళ్ళని ముందు రోజే పిలిచి, ఇన్ని గంటలకి కౌంటర్ మూసేస్తాం, ఎవరూ ముట్టని డేగిసా ఇది అని అప్పగించే ఇల్లు ఎన్ని? చాలామంది అర్ధరాత్రి, తమవాళ్ళందరూ తిన్నాక, వాసన చూసి, "ఇంకా బాగానే ఉంది" అనుకున్నాక ఫోన్ తీస్తారు. మన పిల్లలకి పెట్టని తిండి ఎవరి పిల్లలకో పెట్టి పుణ్యం రాసుకుంటున్నాం.

గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మ గారి ఇంటికి వేళకాని వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టేవారని నూరేళ్ళ తర్వాత కూడా చెప్పుకుంటున్నాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టింది. ఆవిడ ఆకలితో వచ్చినవాళ్ళ కోసం పొయ్యి వెలిగించేది. అన్నదానం అంటే అదీ. మనవాళ్ళు తినగా మిగిలింది తరలించడానికి ఇంకేదైనా పేరు పెట్టుకుంటే బాగుంటుంది.

ఇంటి వంటింటి గురించీ కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఉపదేశాలన్నీ అక్కడికే వస్తాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిసి 105 కోట్ల టన్నుల తిండి పారేసింది. అందులో 60 శాతం ఇళ్ళ నుంచే. మన దేశంలో ఇళ్ళల్లో మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా. అమెరికాలో 73. "వృథా అంటే అమెరికావాళ్ళది, మనం పొదుపు మనుషులం" అనుకునేవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. అయితే ఈ లెక్కలో తినలేనివీ కలిసి ఉన్నాయి. మునక్కాడ పిప్పి, మామిడి టెంక, అరటిపండు తొక్క, చేప ముల్లు, పక్కన తీసిపెట్టిన కరివేపాకు. రోజుకి నూట యాభై గ్రాములంటే, మునక్కాడల సాంబారు పెట్టుకున్న రోజు ఆ పిప్పే సగం ఉంటుంది.

ఇక మిగిలిన సగం దగ్గర మన వంటింటికి ఎవరూ కొత్తగా పాఠం చెప్పనక్కర్లేదు. బీరకాయ చెక్కు తీసి పారేసేవాళ్ళని చూస్తే నాకు అర్థం కాదు. ఆ చెక్కు కాస్త నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, పచ్చిమిర్చి, చింతపండు, నువ్వులు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే కాయ కూర కంటే ముందు అదే అయిపోతుంది. పులిసిన ఇడ్లీ పిండి పునుగులవుతుంది, ఇంకా పులిస్తే ఉల్లిపాయ వేసి మందంగా దిబ్బరొట్టె. రాత్రి అన్నం పొద్దున పులిహోర. ఎండాకాలం అన్నం మిగిలితే జీలకర్ర, ఉప్పు, కారం కలిపి వడియాలు. చవగ్గా వచ్చినప్పుడు మామిడికాయలు ఒరుగులు. మాంసం దగ్గరా అంతే. మన ఊళ్ళల్లో మేకని కోస్తే తలకాయ, కాళ్ళు, బోటి, కార్జం, నల్లతో సహా ఏదీ పోదు. "పర్యావరణం కోసం మాంసం మానెయ్యండి" అని చెప్పేవాళ్ళు తెలంగాణలో నూటికి తొంభై ఎనిమిది మంది మాంసం తింటారన్న సంగతి గుర్తుంచుకుంటే మంచిది. మేకపోతుని గోళ్ళ దాకా తినే ఇంటికి నీతులు చెప్పేబదులు, ఒక్క ముక్క కొరికి మిగతా మటన్ ప్లేట్లో వదిలేసే రిసెప్షన్‌కి వెళ్ళి చెప్పాలి.

నాకు కోపం తెప్పించేది ఇంకోటుంది. ఇంట్లో గరిటెడు అన్నం మిగిలితే ఆ ఇల్లాలికి పొదుపు తెలియదంటారు. ఆ మిగిలింది మర్నాడు తినే డ్యూటీ ఎవరిదో చెప్పనక్కర్లేదు. పెళ్ళిలో గంపలకి గంపలు మిగిలితే మాత్రం "ఎంత ఘనంగా పెట్టాడు!" అంటారు ఆ ఇంటాయన్ని. ఒకే తప్పు వంటింట్లో చేతకానితనం, ఫంక్షన్ హాల్లో హోదా. ఫ్రిజ్ ఎలా సర్దుకోవాలో చెప్పే వీడియోలు వేలున్నాయి. మెనూ ఎలా కత్తిరించాలో మగపెద్దలకి చెప్పే వీడియో ఒక్కటి చూపించండి.

పారబోసిన అన్నం వెనక ఏముంటుందో కూడా ఒకసారి చూద్దాం. కిలో బియ్యం పండటానికి మన పద్ధతిలో రెండున్నర వేల నుంచి అయిదు వేల లీటర్ల నీళ్ళు పడతాయి. నల్గొండలోనో జనగామలోనో అవి చాలావరకు బోరు నీళ్ళు. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు, ఆ కరెంటుకీ ఎక్కడో బొగ్గు కాలుతోంది. నీళ్ళు నిలిచిన మడిలోంచి మీథేన్ వస్తుంది. ఆ అన్నమే డ్రమ్ములోంచి లారీకెక్కి డంపింగ్ యార్డులో పడి, గాలి తగలకుండా కుళ్ళితే మళ్ళీ మీథేన్ వస్తుంది. ఇరవై ఏళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లు వేడి పుట్టించే వాయువు అది. పొలంలో ఒకసారి, చెత్తలో ఒకసారి, మధ్యలో ఎవరి కడుపూ నిండలేదు. కుళ్ళిన తడి చెత్త కంపు ఎలా ఉంటుందో, అందులోంచి కారే నల్లటి నీళ్ళు బావుల్ని ఏం చేస్తాయో హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల కాలనీలవాళ్ళని అడగండి. ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు.

చెత్తని వాడుకోలేమా అంటే వాడుకోవచ్చు. హైదరాబాద్‌లో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో పెట్టిన ప్లాంటు రోజుకి సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ తయారుచేస్తుంది. ఆ గ్యాస్‌తో అక్కడి క్యాంటీన్ పొయ్యి వెలుగుతుంది. 2021 జనవరిలో ప్రధాని రేడియోలో దాని గురించి చెప్పారు కూడా. మార్కెట్‌లో ఆకులు, తొడిమలు, నలిగిన టమాటాలు ఎటూ మిగులుతాయి కాబట్టి అక్కడ ఇది తెలివైన పని. బిర్యానీని గ్యాస్‌గా మార్చడానికి వండటం వేరు.

టమాటా అన్నాక రైతు మాట రాకుండా ఎలా? 2023 జులైలో కిలో రెండొందలు దాటింది. మదనపల్లెలో రైతులు లక్షాధికారులయ్యారని వార్తలు. సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలి పత్తికొండలో రోడ్డు పక్కన పారబోశారు. కోత కూలి, ఆటో ఖర్చు కూడా రాకపోతే ఏం చేస్తాడు? దాన్ని వృథా కింద రాసి రైతుని పెళ్ళివాళ్ళతో ఒకే జాబితాలో వేయడం అన్యాయం. టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం కేంద్రం 2018-19 బడ్జెట్లో 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించింది, ఆ తర్వాత కూడా పత్తికొండ రోడ్డు పక్కన టమాటా కుప్పలు పడుతూనే ఉన్నాయి. అది ధరల సమస్య, గిడ్డంగుల సమస్య, ప్రభుత్వం తేల్చాలి. పెళ్ళి మెనూ తేల్చడానికి ప్రభుత్వం అక్కర్లేదు.

ప్రభుత్వాలు దాన్నీ ప్రయత్నించకపోలేదు. 1965లో కరువు రోజుల్లో లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమంటే జనం మానారు, హోటళ్ళు మూశారు. 2017లో జమ్మూకశ్మీర్‌లో ఆడపిల్ల పెళ్ళికి 500 మంది, మగపిల్లాడి పెళ్ళికి 400 మంది అని పరిమితి పెట్టి, వంటకాల సంఖ్యకీ గీత గీశారు. పోలీసు వచ్చి బూరెలు లెక్కపెట్టే పెళ్ళి నాకు వద్దు. అదీగాక మనవాళ్ళు ఆ హద్దుని పరిమితిగా కాక, ఎమ్మెల్యే తెలిస్తే దాటగలిగే హోదాగా మార్చేస్తారు.

నాకు పనికొస్తుందనిపించే దారి వేరే. ఈ మాఘంలో మా అన్నయ్య కూతురి పెళ్ళి ఉంది. మెనూ కాగితం నా చేతికిచ్చి "చూడమ్మా" అన్నాడు. ముప్ఫై ఎనిమిది రకాలు. సగం కొట్టేసి ఇచ్చాను.

"ఇదేంటే? వియ్యాలవారు ఏమనుకుంటారు?"

"పెట్టిన రెండు స్వీట్లూ నేతివే పెట్టన్నయ్యా. మటన్ మంచిది తెప్పించు. వాళ్ళు నెయ్యి గుర్తుపెట్టుకుంటారు, రకాలు లెక్కపెట్టుకోరు."

"పెద్ద బాబాయి లెక్కపెడతాడు."

"బాబాయికి షుగరు. ఆయన తినేది పుల్కా, పెరుగు."

నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. రెండు పూటలు మాట్లాడుకున్నాక ఇరవై రెండు దగ్గర ఆగింది. సంఖ్య సంగతికి మా వదిన ఒక ఉపాయం చెప్పింది. "ఎంతమంది వస్తారు" అని అడిగితేనే కదా తప్పు? ఊరి నుంచి బస్సులు వేస్తున్నాం, హైదరాబాద్‌లోవాళ్ళకి మెట్రో స్టేషన్ దగ్గర్నుంచి వ్యాన్లు పెడుతున్నాం. "మీకెన్ని సీట్లు ఉంచమంటారండీ" అని అడిగితే ఎవరూ నొచ్చుకోరు, పైగా మర్యాద చేశారంటారు. పిల్లలు ఫోన్లు మొదలుపెట్టారు. "ఆ రోజు ఇంకో పెళ్ళేమైనా ఉందా అత్తయ్యా? ఉంటే మా దగ్గరికి ఎన్నింటికి వస్తారో చెబితే వ్యాను అప్పటికి పంపిస్తాం" అని కూడా అడుగుతున్నారు. సగం మంది రెండో పెళ్ళి ఉందనే అన్నారు. వాళ్ళలో భోజనం అక్కడేనని తెగేసి చెప్పినవాళ్ళూ ఉన్నారు, ఎవరూ ఏమీ అనుకోలేదు. మొదట వెయ్యి అనుకున్న ప్లేట్లు ఆరొందల యాభైకి వచ్చాయి. గ్యారంటీ ఆరొందలకే రాయించి, పైన యాభైకి సరుకు సిద్ధంగా ఉంచి, కావాలంటే అప్పటికప్పుడు వండుకునేవి మాత్రమే అందులో పెట్టమని మేస్త్రితో మాట్లాడాం. అన్నం, పప్పు, చారు అరగంటలో తయారవుతాయి, బిర్యానీ కావు. ఆయనే అన్నాడు, పెళ్ళివాళ్ళు ఇంత ముందుగా ఇంత లెక్క చెప్పడం ఎప్పుడూ చూడలేదని. ప్లేటు రేటు కొంచెం పెంచాడు కూడా, రకాలు తగ్గాయి కదా, గిట్టుబాటు కాదట. ఇచ్చాం.

పాస్తా కౌంటర్ దగ్గర మాత్రం మా మేనకోడలు పట్టు వదలడం లేదు. పెళ్ళికొడుకు ఫ్రెండ్స్ బెంగళూరు నుంచి వస్తున్నారట, వాళ్ళ కోసం ఉండాలట. "ఎంతమంది?" అన్నాను. కనుక్కుని చెబుతానంది.